బేస్‌బాల్ చూద్దామని వెళ్తే పరేడ్‌కి వెళ్ళినట్టుంది, మీకూ ఇంతేనా?

పెసరట్టు ప్రసాదు
పోయిన ఆదివారం ఆఫీసులో టికెట్లు ఇస్తే మా ఆవిడ, పిల్లాడు, ఇండియా నుంచి వచ్చిన మామగారితో కలిసి మొదటిసారి బేస్‌బాల్ మ్యాచ్‌కి వెళ్ళాను. ఏ ఊరో ఏ టీమో చెప్పను, అనవసరం. ఆట మొదలవకముందే మైదానం సగం కప్పేసే జెండా పట్టుకొచ్చారు. యూనిఫాంలో ఉన్నవాళ్ళు చుట్టూ అంచులు పట్టుకుని నిలబడ్డారు. జాతీయ గీతం ముగిసే వేళకి సరిగ్గా నెత్తిమీద నుంచి నాలుగు యుద్ధ విమానాలు పోయాయి. మావాడు చెవులు మూసుకుని ఒకటే ఏడుపు. మూడో ఇన్నింగ్స్‌లో (ఈ ఆటకి తొమ్మిది ఉంటాయట) ఒక సైనికుణ్ణి తెరమీద చూపిస్తే అందరూ లేచి చప్పట్లు. సరే, ఇంతవరకు బానే ఉంది.

ఏడో ఇన్నింగ్స్ మధ్యలో నేను ఒక చేత్తో నాచోస్ ట్రే, ఇంకో చేత్తో రెండు కోక్‌లు పట్టుకుని మెట్లు దిగుతున్నా. మళ్ళీ ఏదో పాట మొదలైంది. జాతీయ గీతం ఇందాకే అయిపోయింది కదా, ఇది మామూలు పాటే అనుకుని నడుస్తున్నా. వెనకనుంచి ఒకాయన "టోపీ తియ్" అని గట్టిగా అరిచాడు. చుట్టూ పది తలలు నావైపు తిరిగాయి. రెండు చేతుల్లో సామాను, టోపీ పళ్ళతో తియ్యాలా? అక్కడే బొమ్మలా నిలబడిపోయాను. చీజ్ కారి చొక్కా మీద పడింది.

నా సందేహం రెండు ముక్కల్లో. వీసా మీద ఉన్న మనం కూడా చెయ్యి గుండెమీద పెట్టుకోవాలా? అసలు బంతాటకీ సైన్యానికీ సంబంధం ఏంటి? సినిమాలో లేదు, ఇక్కడే ఎందుకు?

సగం నిద్ర
నాచోస్ బతికాయా?

పెసరట్టు ప్రసాదు
సగం. మిగతా సగం నా చొక్కా తింది.

బ్యాచిలర్ బాబ్జీ
ఇంత చిన్నదానికి పోస్టా బ్రో. వాళ్ళ దేశం, వాళ్ళ పాట. రెండు నిమిషాలు నిలబడితే అరిగిపోతామా? మన ఊళ్ళో ఎవడైనా జనగణమన అప్పుడు నడుచుకుంటూ పోతే ఊరుకుంటామా?

మలక్‌పేట మహారాజు
విమానాలు ఫ్లైఓవర్ చేశాయని మా బావ డల్లాస్ నుంచి ఫోన్‌లో చెప్తుంటే మా అమ్మ పక్కనుంచి "విమానాలక్కూడా ఫ్లైఓవర్ కట్టిన్రా అక్కడ, మనకేమో చాదర్‌ఘాట్ దాటనీకి గంట" అన్నది.

మూడోబేస్ మూర్తి
ప్రసాదు గారూ, రెండో ప్రశ్నకి నేను చెప్తాను, కాస్త పొడుగు అవుతుంది. 22 ఏళ్ళుగా ఈ ఆట పిచ్చిలో ఉన్నవాణ్ణి.

1918 సెప్టెంబర్ 5. షికాగోలో వరల్డ్ సిరీస్ మొదటి మ్యాచ్, కబ్స్‌కీ బోస్టన్ రెడ్ సాక్స్‌కీ. మొదటి ప్రపంచ యుద్ధం జరుగుతోంది. ఆటగాళ్ళు సైన్యంలోకైనా వెళ్ళాలి, యుద్ధానికి పనికొచ్చే ఉద్యోగంలోకైనా వెళ్ళాలి అని ప్రభుత్వం గట్టిగా చెప్పడంతో ఆ ఏడు సీజన్‌ని ముందే ముగించేశారు. ముందురోజే షికాగోలో ఫెడరల్ భవనంలో బాంబు పేలి నలుగురు పోయారు. స్టేడియం నిండలేదు. వచ్చినవాళ్ళకీ హుషారు లేదు. ఆ మ్యాచ్‌లో బోస్టన్‌కి బంతులేసింది బేబ్ రూత్, చివరికి 1-0తో గెలిచింది కూడా వాళ్ళే. కానీ మర్నాడు అందరూ మాట్లాడుకుంది ఆ స్కోరు గురించి కాదు.

ఏడో ఇన్నింగ్స్ మధ్యలో జనం లేచి ఒళ్ళు విరుచుకోవడం ఈ ఆటలో ఆనవాయితీ. అలా విరుచుకుంటుంటే బ్యాండ్ వాళ్ళు 'స్టార్ స్పాంగిల్డ్ బ్యానర్' వాయించారు. బోస్టన్ తరఫున మూడో బేస్ (మైదానంలో ఒక ఫీల్డింగ్ స్థానం) దగ్గర ఆడే ఫ్రెడ్ థామస్ అప్పుడు నేవీలో ఉన్నాడు, సెలవు పెట్టి వచ్చి ఆడుతున్నాడు. అలవాటు కొద్దీ జెండావైపు తిరిగి సెల్యూట్ కొట్టాడు. అతన్ని చూసి మిగతా ఆటగాళ్ళు చేతులు గుండెమీద పెట్టుకున్నారు. జనం మెల్లగా గొంతు కలిపారు, పాట అయ్యేసరికి స్టేడియం హోరెత్తింది. టీమ్ యజమానులు ఇది పసిగట్టారు. సిరీస్ బోస్టన్ వెళ్ళాక ఆట మొదట్లోనే వాయించారు, గాయపడ్డ సైనికులకి టికెట్ లేకుండా లోపలికి పిలిచారు.

ఇందులో తమాషా ఏంటంటే అప్పటికి అది జాతీయ గీతమే కాదు! చట్టం అయింది 1931లో. అంటే స్టేడియం ముందు, ప్రభుత్వం వెనక. మొదట్లో బ్యాండ్‌కి ఖర్చు కాబట్టి పండగలకీ పెద్ద మ్యాచ్‌లకీ మాత్రమే ఉండేది. రెండో ప్రపంచ యుద్ధం నాటికి మైకులు వచ్చాయి, రోజువారీ అయింది. యుద్ధం ముగిసినా అలవాటు ముగియలేదు.

సగం నిద్ర
మూర్తి గారి హ్యాండిల్‌కి అర్థం ఇవాళ తెలిసింది. ఆ మూడో బేస్ ఆయన అభిమానమా?

మూడోబేస్ మూర్తి
కాదు, వీకెండ్ లీగులో నన్ను అక్కడే నిలబెట్టేవాళ్ళు. బంతి తక్కువ వస్తుందనుకున్నారు, పాపం.

లెక్కల లక్ష్మణ్
చరిత్ర బానే చెప్పారు గానీ డబ్బు సంగతి ఎవరూ ఎత్తరేం? 2015 నవంబర్‌లో సెనేటర్లు జాన్ మెక్‌కెయిన్, జెఫ్ ఫ్లేక్ ఒక నివేదిక బయటపెట్టారు. ఇద్దరూ రిపబ్లికన్లే, మెక్‌కెయిన్ వియత్నాంలో ఐదేళ్ళకు పైగా ఖైదీగా ఉన్న మనిషి, ఆయన్ని దేశద్రోహి అనలేరు. అందులో తేలిందేంటంటే, మనం లేచి చప్పట్లు కొట్టే ఈ సైనికుల సన్మానాల్లో కొన్నింటికి రక్షణ శాఖ టీమ్‌లకి డబ్బు కట్టింది. జెండా పట్టుకోవడం, తెరమీద చూపించడం, మొదటి బంతి వేయించడం, అన్నీ కాంట్రాక్టులో రాసుకున్న ఐటమ్‌లు. వాళ్ళు పరిశీలించిన 122 కాంట్రాక్టుల్లో 72 ఇలాంటివి. దాదాపు 68 లక్షల డాలర్లు.

అమెరికన్ ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్, ఐస్ హాకీ కూడా ఉన్నాయి, బేస్‌బాల్ ఒక్కటే కాదు. కానీ ప్రసాదు గారి చొక్కాకి నేరుగా సంబంధించిన ముక్క ఒకటుంది. మిల్వాకీ బ్రూవర్స్ మ్యాచుల్లో ఆదివారం ఆదివారం ఏడో ఇన్నింగ్స్‌లో పాడే 'గాడ్ బ్లెస్ అమెరికా' అనే దేశభక్తి పాటకి స్పాన్సర్‌గా విస్కాన్సిన్ నేషనల్ గార్డ్ (ఆ రాష్ట్రపు రిజర్వు సైన్యం) 49,000 డాలర్లు ఇచ్చింది. మీరు నాచోస్ పట్టుకుని నిలబడ్డది ఆ పాటకే.

పెసరట్టు ప్రసాదు
అంటే నేను ప్రకటన మధ్యలో నడిచినందుకు తిట్లు తిన్నానా??

లెక్కల లక్ష్మణ్
మీ స్టేడియంలో ఎవరైనా కట్టారో లేదో నాకు తెలీదు. చప్పట్లు కొట్టే వాళ్ళకి కూడా తెలీదు, అదే నా బాధ. పన్ను మనదే, చప్పట్లూ మనవే.

మాధవరం మనవడు
లక్ష్మణ్, నువ్వు ఎప్పుడూ బిల్లే చూస్తావు. మాది పశ్చిమ గోదావరి, తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం. మిలటరీ మాధవరం అంటే తెలియనివాడు లేడు. ప్రపంచ యుద్ధాల నుంచీ మా ఊళ్ళో ఇంటికొకరు సైన్యంలో ఉన్నవాళ్ళే. మా నాన్న హవల్దార్‌గా రిటైర్ అయ్యారు.

నాలుగేళ్ళ క్రితం నాన్న ఇక్కడికి వచ్చినప్పుడు మ్యాచ్‌కి తీసుకెళ్ళాను. మధ్యలో మైకులో "సైన్యంలో పనిచేసినవాళ్ళు, చేస్తున్నవాళ్ళు దయచేసి లేచి నిలబడండి" అన్నారు. నేను దాన్ని నాన్నకి తెలుగులో చెప్పాను, అంతే. ఆయన లేచి నిలబడ్డారు! స్వెట్టరు, మంకీ క్యాప్, కింద స్పోర్ట్స్ షూస్. నిటారుగా, అటెన్షన్‌లో. నాకు గుండె ఆగినంత పనైంది, "నాన్నా, వాళ్ళ సైన్యం గురించి" అని చొక్కా లాగుతున్నా. ఆయన కదల్లేదు. వెనక వరసలో ఒక ముసలాయన, వియత్నాం వెటరన్ అని టోపీ మీద ఉంది, వంగి చెయ్యి చాచాడు. "ఎక్కడ" అని అడిగితే నాన్న "సెవెంటీ వన్, ఈస్ట్ పాకిస్తాన్" అన్నారు. ఆయనకి ఎంత అర్థమైందో తెలీదు, మళ్ళీ చెయ్యి పట్టుకుని ఊపాడు. నాన్నకి ఇక్కడ మేం చూపించిన నయాగరా గుర్తులేదు, ఆ షేక్‌హ్యాండ్ గుర్తుంది.

దానికి ఎవరు ఎంత కట్టారో నాకు అనవసరం.

ఎడిసన్ అత్తయ్య
మనవడా, చదువుతుంటే కళ్ళు చెమర్చాయి నాయనా.

లెక్కల లక్ష్మణ్
మీ నాన్నగారికి నమస్కారం, మనస్ఫూర్తిగా. కానీ ఒక్కటి, 71లో ఆయన అటు యుద్ధంలో ఉండగానే కదా బంగాళాఖాతంలోకి అమెరికా ఏడో ఫ్లీట్ వచ్చింది, ఎంటర్‌ప్రైజ్ నౌకతో సహా, మనల్ని బెదిరించడానికి?

మాధవరం మనవడు
ఈ మాట నేనూ అడిగా ఆయన్ని. "అది నేవీ వాళ్ళ గొడవరా, మేం బురదలో ఉన్నాం" అన్నారు.

మలక్‌పేట మహారాజు
😂😂 హవల్దార్ సాబ్‌కి సలాం

ఎడిసన్ అత్తయ్య
నేను 2001లో ఇక్కడే ఉన్నాను. మా ఆయనది మాన్‌హట్టన్‌లో ఉద్యోగం. సెప్టెంబర్ 11న జంట టవర్లు కూలిన ఆ రోజు ఆయన రాత్రి పదింటికి ఇంటికి చేరేవరకు నేను పడ్డ యాతన పగవాళ్ళకి కూడా వద్దు. ఆటలన్నీ ఆపేశారు, బేస్‌బాల్ సెప్టెంబర్ 17న మళ్ళీ మొదలైంది. న్యూయార్క్‌లో మొదటి మ్యాచ్ 21న, షే స్టేడియంలో, న్యూయార్క్ టీమ్ మెట్స్‌కీ అట్లాంటాకీ. మెట్స్ వాళ్ళు తమ టోపీలు మానేసి అగ్నిమాపక దళం, పోలీసుల టోపీలు పెట్టుకున్నారు. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో మైక్ పియాజా కొట్టిన హోమ్ రన్ చూసి మా అపార్ట్‌మెంట్లో తలుపులు తెరిచి మరీ అరిచారు జనం. హోమ్ రన్ అంటే మన సిక్సర్ లాంటిదని నాకు అప్పటికి తెలీదు. పక్కింటి ఇటాలియన్ ముసలమ్మ నన్ను పట్టుకుని ఏడ్చింది, నేనూ ఏడ్చాను.

ఏడో ఇన్నింగ్స్‌లో 'గాడ్ బ్లెస్ అమెరికా' అన్ని స్టేడియాల్లోకీ వచ్చింది అప్పుడే. అది ఒక ఊరు ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని నిలబడిన రోజుల పాట. అందుకని దాన్ని నేను తీసిపారెయ్యలేను.

కానీ రెండో సంగతి కూడా చెప్పాలి. అదే వారంలో ఆరిజోనాలో పెట్రోల్ బంకు నడుపుకునే సిక్కు పెద్దాయన్ని, తలపాగా చూసి, కాల్చి చంపారు. మా ఆయన కారు వెనక అద్దానికి జెండా అంటించారు. బొట్టు పెట్టుకుని బయటికి వెళ్ళొద్దని నన్ను బతిమాలారు. ఆ జెండా సగం బాధతో అంటించింది, సగం భయంతో అంటించింది. ఇప్పటికీ స్టేడియంలో అందరితో పాటు లేస్తాను, ఏ సగం నన్ను లేపుతోందో నాకే తెలీదు.

బ్యాచిలర్ బాబ్జీ
సారీ ఆంటీ. నేను అప్పుడు ఎల్‌కేజీ. పైన నా పోస్టు కొంచెం తొందరపడి రాశా.

ఎడిసన్ అత్తయ్య
ఫరవాలేదు బాబూ. ఎల్‌కేజీ అన్నావు చూడు, దానికి మాత్రం క్షమించను.

లా పాయింట్
మొదటి ప్రశ్న అలాగే ఉండిపోయింది. జెండా, గీతం గురించి ఫెడరల్ చట్టంలో మర్యాదలు రాసి ఉన్నాయి: నిలబడాలి, జెండావైపు తిరగాలి, కుడిచెయ్యి గుండెమీద పెట్టుకోవాలి, మగవాళ్ళు టోపీ తియ్యాలి. కానీ చెయ్యకపోతే శిక్ష అని ఏమీ లేదు. జెండా ఎదురుగా తీసుకెళ్తున్నప్పటి మర్యాద రాసిన చోట, వేరే దేశాల పౌరులు ఊరికే నిటారుగా నిలబడితే చాలని కూడా ఉంది. కాబట్టి వీసా మీద ఉన్నవాళ్ళు లేచి మర్యాదగా నిలబడితే సరిపోతుంది. 'గాడ్ బ్లెస్ అమెరికా' జాతీయ గీతం కాదు, దానికి ఆ మర్యాద కూడా చట్టంలో లేదు.

2008లో న్యూయార్క్‌లోని పాత యాంకీ స్టేడియంలో ఒక ప్రేక్షకుడు ఈ పాట మధ్యలో బాత్రూమ్‌కి లేచాడు. స్టేడియంలో ఉన్న పోలీసులు అతన్ని బయటికి గెంటారు. దావా వేస్తే 2009లో సిటీ 10,001 డాలర్లు, పైన లాయర్ ఖర్చులు ఇచ్చి రాజీపడింది. అతను యాంకీస్‌కి బద్ధ శత్రువైన రెడ్ సాక్స్ అభిమాని, అది అదనపు నేరం కావచ్చు.

సగం నిద్ర
ఆ ఒక్క డాలర్ ఎందుకు?

మలక్‌పేట మహారాజు
చదివింపులు రా భై. పదివేల నూటపదహార్లు ఇయ్యాల్సింది అసలైతే.

జమ్మికుంట జంక్షన్
అమెరికా సంగతి ఎందుకు, మా ఊరికి రండి. జమ్మికుంటల 2017 ఆగస్టు 15 నుంచి పొద్దున ఎనిమిది గంటలకి మైకుల్ల జనగణమన పెట్టుడు మొదలైంది. పోలీసోల్లు పెట్టిన ఆలోచన. బస్సు ఎక్కెటోడు ఒక కాలు కిందనే ఉంచి ఆగుతడు, చాయ్ పోసెటోడు గిన్నె పట్టుకోని ఆగుతడు. తర్వాత నల్లగొండల గూడ మొదలువెట్టిన్రు. మొదట్ల నాకు రోమాలు లేచేటియి. తర్వాత తర్వాత కాలేజీకి లేటైతుందని ఎనిమిదికి ముందే చౌరస్తా దాటుడు నేర్చుకున్న. రోజూ పెడితే ఏ పాటైనా గంతే.

లెక్కల లక్ష్మణ్
"రోజూ పెడితే ఏ పాటైనా అంతే." వీళ్ళకి ఒక్కో టీముకి సీజన్‌కి 162 మ్యాచులు. 162 సార్లు రోమాలు ఎలా లేస్తాయి?

లా పాయింట్
మన సుప్రీంకోర్టు సినిమా హాళ్ళలో తప్పనిసరి అన్నది 2016 నవంబర్‌లో, కాదు హాలు వాళ్ళ ఇష్టం అని మార్చింది 2018 జనవరిలో. నేను ఆ మధ్యకాలంలో హైదరాబాద్‌లోనే ఉన్నాను. కాలు విరిగి కట్టుతో ఉన్న మా తమ్ముడు హాల్లో లేవలేకపోతే పక్కసీటు ఆయన గుర్రుగా చూశాడు, కట్టు కనిపించాక పాప్‌కార్న్ ఇచ్చాడు.

కోర్టుల విషయంలో ఇంకో పోలిక ఉంది. 1943లో, రెండో ప్రపంచ యుద్ధం మధ్యలో, స్కూలు పిల్లల చేత బలవంతంగా జెండా వందనం చేయించకూడదని అమెరికా సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. వెస్ట్ వర్జీనియా కేసు. 1986లో కేరళలో జనగణమన పాడలేదని ముగ్గురు పిల్లల్ని బడి నుంచి తీసేస్తే మన సుప్రీంకోర్టు తిరిగి చేర్చుకోమంది. వాళ్ళు మర్యాదగా నిలబడ్డారు, పాడలేదు, అంతే. రెండు కేసుల్లోనూ పిల్లలు ఒకే మతశాఖ, యెహోవా సాక్షులు.

టొరంటో తులసి
మాకు ఇంకా డబుల్. మా టొరంటో టీమ్ బ్లూ జేస్ మ్యాచ్ అంటే రెండు దేశాల గీతాలు. చలికాలం కోటు, దానిమీద కోటు లాగా.

ఇక్కడ కార్లోస్ డెల్గాడో అని గొప్ప బ్యాటర్ ఉండేవాడు, ప్యూర్టో రికో మనిషి. 2004లో ఇరాక్ యుద్ధం నచ్చక, 'గాడ్ బ్లెస్ అమెరికా' పాడేటప్పుడు బయట నిలబడకుండా లోపల ఉండిపోయేవాడు. వాళ్ళ దగ్గర వియెకెస్ దీవిని అమెరికా నేవీ దశాబ్దాల పాటు బాంబుల సాధనకి వాడుకుంది, ఆ కోపం కూడా ఉంది. న్యూయార్క్‌లో జనం బాగా ఎగతాళి చేశారు. తర్వాత 2006లో మెట్స్‌కి వెళ్ళాడు, టీమ్ రూలు అంటే నిలబడ్డాడు. పెద్ద ఆటగాడికే అలా ఉంటే నాచోస్ ప్రసాదు గారెంత.

బ్యాచిలర్ బాబ్జీ
అంత నచ్చకపోతే వేరే దేశంలో ఆడుకోవచ్చుగా.

టొరంటో తులసి
ఆడింది కెనడా టీములోనే కదా బాబ్జీ. ప్యూర్టో రికో వాళ్ళు పుట్టుకతో అమెరికా పౌరులు, వేరే దేశం ఎక్కడుంది?

మూడోబేస్ మూర్తి
డెల్గాడో కంటే ముందు జాకీ రాబిన్సన్ గురించి చెప్పుకోవాలి. ఆధునిక మేజర్ లీగులో మొదటి నల్లజాతి ఆటగాడు, 1947. ఆయన అంతకుముందు ఆర్మీలో ఆఫీసరు. 1944లో బస్సులో వెనక్కి వెళ్ళి కూర్చోమంటే వెళ్ళలేదని కోర్ట్ మార్షల్ పెట్టారు, నిర్దోషిగా బయటపడ్డాడు. అదే మనిషి 1972లో, చనిపోయిన సంవత్సరం వచ్చిన ఆత్మకథలో, నేను నిలబడి ఆ గీతం పాడలేను, జెండాకి సెల్యూట్ చెయ్యలేను అని రాశాడు. ఇప్పుడు ప్రతి ఏప్రిల్ 15న ఆయన పేరున ఆటగాళ్ళందరూ ఆయన 42 నంబరు వేసుకుంటారు. ఆ రోజు కూడా గీతం పాడతారు, అందరూ నిలబడతారు.

బ్యాచిలర్ బాబ్జీ
యూనిఫాం వేసుకున్నాయన అలా రాశాడా... ఇది తెలీదు నాకు. ఆలోచించాలి.

బేగంపేట బుల్లెట్
ఎన్ని రాసినా ఒకటే. ఆ దేశం డాలర్లు కావాలి, దేశానికి దండం పెట్టడానికి మాత్రం నొప్పి. ఇలాంటోళ్ళందర్నీ

వేదిక నిర్వాహకుడు
బేగంపేట బుల్లెట్ పోస్టులో సగం తీసేశాను. మిగతా సగం ఉంచింది ఎందుకు తీశానో తెలియడానికి. ఆట గురించి మాట్లాడుకోండి.

సాండియాగో సత్తిబాబు
ఈ టాపిక్‌లో మా ఊరు రాకపోవడం అన్యాయం. మా పాడ్రెస్ టీమ్ 2000లోనే సైనికుల యూనిఫాం లాంటి మచ్చల జెర్సీ వేసింది, ఇప్పటికీ సొంతూరి ఆదివారం మ్యాచుల్లో వేస్తారు. ఇక్కడ నేవీ, మెరైన్ల స్థావరాలు ఎక్కువ. ఆదివారం వాళ్ళ స్టేడియం పెట్కో పార్క్ పై అంతస్తులో మెరైన్ ట్రైనింగ్‌లో ఉన్న కుర్రాళ్ళని వరసలు వరసలుగా కూర్చోబెడతారు. వాళ్ళ పాట వేస్తే స్టేడియం మొత్తం వాళ్ళవైపు తిరిగి చప్పట్లు కొడుతుంది.

టీవీలో చూస్తే నాకూ ప్రచారం లాగే ఉండేది. ఒకసారి వాళ్ళ పక్క సెక్షన్‌లో టికెట్ దొరికింది. దగ్గర్నుంచి చూస్తే అందరూ 18, 19 ఏళ్ళ పిల్లలు. మీసాలు కూడా సరిగ్గా రాలేదు. ఒకడు ఐస్‌క్రీమ్ తింటున్న పద్ధతి చూస్తే హాస్టల్ నుంచి ఇంటికొచ్చిన మా తమ్ముడు గుర్తొచ్చాడు, గిన్నె అడుగు గీకి మరీ. వాళ్ళకి చప్పట్లు కొట్టాను. వాళ్ళని ఎక్కడికి పంపుతారో నిర్ణయించేవాళ్ళకి కాదు.

మా పిన్ని కొడుకు కూడా అలా వెళ్ళినవాడే. 2008లో మావ్ని అని ఒక పథకం వచ్చింది, సైన్యానికి పనికొచ్చే భాషలు గానీ వైద్యం గానీ వచ్చిన వీసా వాళ్ళని సైన్యంలోకి తీసుకుని పౌరసత్వం ఇచ్చేవాళ్ళు. 2016లో ఆపేశారు. వాడు ఎమ్మెస్ చేస్తూ చేరాడు. పిన్ని మూడు నెలలు ఫోన్ ఎత్తలేదు. ఇప్పుడు వాడి యూనిఫాం ఫొటో హాల్లో వెంకటేశ్వరస్వామి పక్కన ఉంది.

డీసీ దుర్గ
విమానాల ముచ్చట వచ్చింది కాబట్టి. 2022 ఏప్రిల్ 20, వాషింగ్టన్ నేషనల్స్ వాళ్ళ మిలటరీ అప్రీసియేషన్ నైట్. ఆర్మీ పారాచూట్ టీమ్ గోల్డెన్ నైట్స్ వాళ్ళు విమానంలోంచి స్టేడియంలోకి దూకే కార్యక్రమం. ఆ విమానం సంగతి కాపిటల్ పోలీసులకి ఎవరూ చెప్పలేదు. ఏదో విమానం మీదకి వస్తోందనుకుని కాపిటల్ భవనం మొత్తం ఖాళీ చేయించారు! ఇక్కడ జనం పారాచూట్లకి చప్పట్లు, మైలు పైచిలుకు అవతల జనం పరుగులు. దేశభక్తి చూపించబోయి పార్లమెంటునే రోడ్డుమీదకి తెచ్చారు.

మలక్‌పేట మహారాజు
మా గల్లీల వినాయకుడి ఊరేగింపుకి ట్రాన్స్‌ఫార్మర్ పేలి ఊరంతా కరెంట్ పోయినట్టు.

మాధవరం మనవడు
నవ్వినా ఒక మాట. మన వాళ్ళూ తక్కువేం కాదు. 2019 మార్చిలో పుల్వామా తర్వాత రాంచీలో ఆస్ట్రేలియా మీద మన టీమ్ ఆర్మీ రంగుల టోపీలు పెట్టుకుని ఆడింది, ధోనీ పంచాడు టోపీలు. మ్యాచ్ ఫీజు జాతీయ రక్షణ నిధికి ఇచ్చారు. అప్పుడు లక్ష్మణ్ గారి లెక్కల పుస్తకం ఎక్కడుంది?

లెక్కల లక్ష్మణ్
చూశావా, అక్కడ ఆటగాళ్ళు సైన్యానికి ఇచ్చారు. ఇక్కడ సైన్యం టీములకి ఇచ్చింది. నా లెక్కంతా ఆ బాణం ఎటు తిరిగిందన్నదే. ఇక్కడా ఆ నివేదిక తర్వాత అమెరికన్ ఫుట్‌బాల్ లీగు ఏడు లక్షల డాలర్ల పైచిలుకు వెనక్కి ఇచ్చింది, ఒప్పుకోవాలి.

మాధవరం మనవడు
సరే, ఈ ఒక్కసారికి.

మూడోబేస్ మూర్తి
పొద్దుపోయింది, ఒకటి చెప్పి పడుకుంటా. ఊరంతా కలిసి ఆడుకోవడం, దేశభక్తి అంటే నాకు గుర్తొచ్చేది హీలా రివర్. రెండో ప్రపంచ యుద్ధంలో దాదాపు 1,20,000 మంది జపాన్ మూలాల వాళ్ళని, ఎక్కువమంది అమెరికా పౌరుల్నే, ముళ్ళకంచెల వెనక క్యాంపుల్లో పెట్టారు. ఆరిజోనా ఎడారిలో హీలా రివర్ అలాంటి క్యాంపు. అక్కడికి కెనిచి జెనిమురా అని ఒక ఆటగాడిని కుటుంబంతో సహా పంపారు. ఐదడుగులే ఉంటాడు. ఆయన, ఆయన కొడుకులు పలుగూ పారా పట్టుకుని తుప్పలు కొట్టి, నేల చదును చేసి, మైదానం తయారుచేశారు. చివరి హద్దుకి గోడ కట్టడానికి ఏమీ లేక ఆముదం మొక్కలు వేశారు. మన చేలగట్ల మీద వేసే ఆముదమే. ఆ మైదానంలో లీగులు నడిచాయి, వేల మంది వచ్చి చూశారు. అలాంటి క్యాంపుల నుంచే కుర్రాళ్ళు అమెరికా సైన్యంలోకీ వెళ్ళారు.

బేస్‌బాల్ దేశభక్తి గురించి ఎవరు మాట్లాడినా నాకు ఆ ఆముదం చెట్లే కళ్ళముందుకొస్తాయి.

ఎడిసన్ అత్తయ్య
మూర్తి గారూ, ఇది నాకు తెలీదు. రేపు మా మనవరాలికి చెప్తాను. ఆముదం అంటే ఏంటో ముందు చెప్పాలి.

పెసరట్టు ప్రసాదు
అందరికీ థాంక్స్, మూడు రోజులైంది, అప్‌డేట్ ఇస్తున్నా. మామగారికి ఈ థ్రెడ్ మొత్తం చదివి వినిపించాను. ఆయన రిటైర్డ్ తెలుగు పండిట్, మదనపల్లె. వెంటనే అందుకున్నారు, టాగూర్ 1919లో మా ఊళ్ళో ఉండగానే జనగణమనని ఇంగ్లీషులోకి మార్చారు, మార్గరెట్ కజిన్స్ గారు స్వరం కట్టారు అని. గంటసేపు నడిచింది. నాచోస్ ఊసే లేదు.

ఆ తర్వాత "అల్లుడూ, ఆ టోపీ తియ్యమన్నాయన కేకేసింది నిన్ను కాదేమో, నీ ముందున్న కుర్రాణ్ణేమో" అన్నారు. నా ముందు ఒక కుర్రాడు ఉన్న మాట నిజమే. టోపీ కూడా ఉంది. ఇన్ని పోస్టులు అయ్యాక చెప్తున్నారు.

సగం నిద్ర
థ్రెడ్ క్లోజ్ చేసేయండి ఇక.

పెసరట్టు ప్రసాదు
ఆగండి. మామగారికి ఆట నచ్చిందట, వచ్చే వారం మళ్ళీ వెళ్దాం అంటున్నారు. బయటి తిండి లోపలికి రానిస్తారా? అత్తగారు పులిహోర కలుపుతారట.

సాండియాగో సత్తిబాబు
చాలా చోట్ల రానిస్తారు, లోపలిది కనిపించే ప్లాస్టిక్ సంచీలో పెట్టాలి. స్టేడియం వెబ్‌సైట్ ఒకసారి చూసుకో.

టొరంటో తులసి
ఆదివారం వద్దు, ఎక్కువ చోట్ల రెండో పాట ఆదివారాలే.

మాధవరం మనవడు
ఆదివారమే వెళ్ళండి. పులిహోర ఆరో ఇన్నింగ్స్‌లోనే తినేసి చేతులు కడుక్కోండి, సరిపోతుంది.